నా కిల్ట్‌లో నా కుట్టు లేదు

నాకో కిల్ట్ ఉంది. స్కాట్లండ్ మగవాళ్ళు పెళ్ళిళ్ళకీ పండగలకీ కట్టుకునే ఆ గళ్ళ ఉన్ని వస్త్రమే. ఎడిన్‌బరాలో లీత్ అనే పేటలో, రెండంతస్తులు మెట్లెక్కి వెళ్ళాల్సిన ఒక గదిలో, అరవై దాటిన ఒకావిడ దాన్ని చేత్తో కుట్టింది. కుడుతున్నప్పుడు రెండు రోజులు పక్కన కూర్చుని నేనూ ఓ చెయ్యి వేశాను. ఆ సంగతి ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. ఫోటోలు పెట్టాను, లైకులు బాగానే వచ్చాయి. ఇప్పుడు ఆ కిల్ట్‌ని తిరగేసి, లోపలి అస్తరు పైకెత్తి మరీ వెతికినా నేను వేసిన కుట్టు ఒక్కటీ దొరకదు.

ఈ వ్యాసం "సాయం" అన్న మాట మీద నా పేచీ. చేతిపని చేసేవాళ్ళ పక్కన ఓ పూట కూర్చుని, సూదో సుత్తో పట్టుకుని, "అనుభవం" మూటగట్టుకుని వచ్చి, ఆ తర్వాత వాళ్ళ గురించి కళ్ళు చెమర్చేలా రాసే మనందరి మీద పేచీ. మొదటి ముద్దాయిని నేనే. కొన్నేళ్ళ క్రితం చేనేత మీద నేనూ ఓ వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. అందులో మగ్గం చప్పుడు ఉంది, రంగుల వాసన ఉంది, అమ్మ చేతుల మీద ఓ పెద్ద పేరా ఉంది. కూలి ఎంతో మాత్రం లేదు.

*

నేను ఎడిన్‌బరా వచ్చి ఏడేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2024 వేసవిలో మా టీంలో ఒకతని పెళ్ళి కుదిరింది. పెళ్ళి అక్టోబరులో, హైలాండ్స్‌లో. మగవాళ్ళందరూ కిల్ట్‌లో రావాలన్నాడు. ఇక్కడ కిల్టులు అద్దెకి దొరుకుతాయి, పెళ్ళిళ్ళకి చాలామంది అద్దెకే తెచ్చుకుంటారు. నాకు సొంతది కావాలనిపించింది. అక్కడితో ఆగినా బాగుండేది. దాని తయారీలో నా చెయ్యి కూడా ఉండాలనిపించింది. మాది పోచంపల్లి దగ్గర నేతపని వాళ్ళ ఇల్లు. బట్ట దగ్గర కూర్చునే హక్కు నాకు పుట్టుకతో వచ్చిందని లోపల్లోపల ఓ నమ్మకం.

ఆవిడకి అదే చెప్పాను. "మీకు సాయంగా కూర్చుంటాను. నాకూ ఓ అనుభవం అవుతుంది."

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. "కూర్చో. కానీ నువ్వు కూర్చున్న రోజు నా పని సగమే సాగుతుంది. ఆ పోయిన సగానికి కూడా నువ్వే ఇవ్వాలి."

బట్ట ఖరీదు వేరు. కుట్టుకూలి 320 పౌండ్లు. నేను కూర్చునే రెండు రోజులకి మరో 120. నాకు కాస్త మనసు నొచ్చుకుంది. సాయం చేస్తానంటే తగ్గించాలి గానీ పెంచుతారా? పైకి మాత్రం నవ్వి సరే అన్నాను. ఆవిడ చెప్పిన లెక్క ఎంత నిజాయితీ గలదో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

*

మొదటి రోజు కొలతలు. నడుము ఎంత అంటే "32" అన్నాను. నా జీన్స్ మీద ఉన్న అంకె అది. ఆవిడ ఏమీ అనకుండా టేపు తీసుకుంది. కిల్ట్ నడుము ప్యాంటు నడుము కాదు, ఇంకా పైన, బొడ్డు దగ్గర. అక్కడ నాకు 34. పిరుదుల దగ్గర 39. పొడుగు నడుము నుంచి మోకాలి చిప్ప మధ్యదాకా. పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డాను. "ఊపిరి వదిలెయ్. ఈ బట్టలో భోంచేయాల్సింది నువ్వే" అంది.

మన ఊళ్ళో ఆడవాళ్ళు జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు ఆది జాకెట్టు ఇస్తారు. సరిపోయే జాకెట్టు ఒకటి ఇస్తే అబద్ధానికి చోటుండదు. ఇక్కడ నా ఒళ్ళే ఆది. నేను చెప్పిన రెండంగుళాల అబద్ధం ఎక్కడ తేలేదో ఆవిడ కాగితం మీద చూపించింది.

కిల్ట్ ముందు భాగం చదునుగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటిగా రెండు పొరలు. కుచ్చిళ్ళన్నీ వెనక. 39 అంగుళాల్లో వెనక సగం, అంటే పంతొమ్మిదిన్నర. ఒక్కో కుచ్చిలి బయటికి ముప్పావు అంగుళం కనబడాలంటే 26 కుచ్చిళ్ళు. నడుము దగ్గరికి వచ్చేసరికి వెనక భాగం 17 అంగుళాలకి దిగాలి. ఆ రెండున్నర అంగుళాలూ 26 కుచ్చిళ్ళూ పంచుకోవాలి. అంటే ఒక్కోటీ పైకి పోయేకొద్దీ అంగుళంలో దాదాపు పదోవంతు సన్నబడాలి. అదీ పైన గళ్ళ గీతలు ఎక్కడా విరగకుండా. నా మాట నమ్మి 32కి కుట్టి ఉంటే, సరిచేయడానికి 26 కుచ్చిళ్ళూ విప్పాల్సిందే.

గళ్ళ సంగతి ఇంకా ఉంది. టార్టాన్ అంటే పడుగులోనూ పేకలోనూ రంగుపోగులు ఒకే వరసలో వచ్చే గళ్ళబట్ట. మామూలుగా రెండు పోగుల మీంచి, రెండు పోగుల కిందనుంచి నేస్తారు, అందుకే దగ్గరగా చూస్తే ఏటవాలు గీత కనిపిస్తుంది. ఒక గడి వరస పూర్తయి మళ్ళీ మొదలయ్యే దూరాన్ని సెట్ అంటారు. నేను ఎంచుకున్నది ఎడిన్‌బరా ఊరి పేరు మీద ఉన్న టార్టాన్. నా బట్టలో ఒక సెట్ 8 అంగుళాలు. కుచ్చిలి వేసినప్పుడు ఆ ఎనిమిదంగుళాలూ లోపలికి మడతపడి, బయటికి ముప్పావు అంగుళమే కనబడుతుంది. రెండు దారులున్నాయి. ప్రతి కుచ్చిలి మీదా ఒకే చార వచ్చేలా మడవొచ్చు. సైనిక దళాల కిల్టుల్లో కనిపించే పద్ధతి అది. లేదా ఒక్కో కుచ్చిలికి ముప్పావు అంగుళం చొప్పున గడిలో ముందుకు జరుగుతూ పోతే, 26 కుచ్చిళ్ళ వెనకాల బట్ట మడవనట్టే మొత్తం గళ్ళు మళ్ళీ కనబడతాయి. రెండో పద్ధతిలో ఒక్కో కుచ్చిలికి ఎనిమిదీ ముప్పావు అంగుళాలు పోతాయి. ఇరవయ్యారు అలాంటివి, ముందు పొరలు రెండు, వాటి పక్క లోతు మడతలు, అన్నీ కలిపితే దాదాపు ఎనిమిది గజాలు. మా నాయనమ్మ కట్టిన తొమ్మిది గజాల చీరకి ఒక్క గజం తక్కువ.

లెక్కలు నాకు ఇష్టమే కాబట్టి సరదాగా ఫోన్లో ఓ చిన్న ప్రోగ్రాం రాసి చూపించాను. సెట్ ఎంత, నడుము ఎంత ఇస్తే కుచ్చిళ్ళెన్నో చెబుతుంది. ఆవిడ మర్యాదగా చూసింది. "బాగుంది. ఈ బట్టలో సెట్ అన్నిచోట్లా ఎనిమిదే ఉందని దీనికెలా తెలుసు?" అంది. కొలిచి చూశాం. కొన్నిచోట్ల దారం మందం తేడా ఉంది. ఆవిడ టేపు పక్కన పెట్టి గళ్ళు చూసి మడిచింది. ప్రోగ్రాం జేబులో పెట్టుకున్నాను.

*

రెండో రోజు సూది ఇచ్చింది. ఒకే ఒక్క కుచ్చిలి. కింద పిరుదుల గీత నుంచి పైన నడుము దాకా 8 అంగుళాలు. రెండు మడతల మీదా ఉన్న అడ్డగీతలు ఒకదానికొకటి అతికినట్టు కలవాలి. కుట్టు బయటికి కనబడకూడదు. ఆవిడ కుట్లు లెక్కపెట్టాను, అంగుళానికి పది. ఆ లెక్కన కుచ్చిళ్ళకి మాత్రమే రెండువేల ఎనభై కుట్లు.

నాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడకి ఒక కుచ్చిలి ఇరవై నిమిషాల పని. పూర్తయ్యాక కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. కింద ఆకుపచ్చ గీత ఒక పోగు తప్పింది. పైకి వచ్చేసరికి అది మూడు పోగులయింది. ఏమీ అనలేదు. చిన్న కత్తెర తీసుకుని విప్పేసింది. రెండు నిమిషాల్లో గంటా ఇరవై నిమిషాలు పోయాయి.

తర్వాత నాకు వేరే పని ఇచ్చింది. కుట్టిన కుచ్చిళ్ళు ఇస్త్రీ దాకా కదలకుండా ఉండటానికి కింది భాగంలో తెల్లదారంతో అడ్డంగా పొడుగాటి కుట్లు వేయాలి. అది బాగానే వేశాను. పక్కవాళ్ళకి చెప్పుకోదగ్గంత బాగా వేశాను. ఆ కుట్లు తాత్కాలికం. తడిబట్ట వేసి గట్టిగా ఇస్త్రీ చేశాక లాగిపారేస్తారు.

మిగతా పని నేను చూస్తూ కూర్చున్నాను. కుట్టిన కుచ్చిళ్ళ లోపల పైభాగంలో పేరుకున్న మందాన్ని ఆవిడ కత్తిరించి తీసేసింది. అంత ఖరీదైన బట్టలోకి కత్తెర దిగుతుంటే నా గుండె ఆగినంత పనయింది. ఆ తర్వాత లోపల కాన్వాసు పెట్టి, కుచ్చిళ్ళ బరువంతా దాని మీద పడేలా కట్టుకుట్లు వేసింది. దాదాపు రెండు కిలోల ఉన్ని అది. ఆ కుట్లు లేకపోతే నాలుగేళ్ళలో కుచ్చిళ్ళు జారిపోతాయట. వాటి మీద అస్తరు కప్పేసింది. కిల్ట్ కట్టుకున్నవాడు ఆ పని జన్మలో చూడడు.

*

కిల్ట్ కుట్టించుకుంటున్నానని మా మిత్రబృందంలో చెబితే, బాగా చదువుకున్న ఒకాయన వెంటనే అందుకున్నారు. "అదంతా తయారుచేసిన సంప్రదాయం కదా! కిల్ట్‌ని కనిపెట్టింది ఇంగ్లీషువాడు." ఇది మన సాహిత్య గుంపుల్లో గట్టిగా చెల్లే నాణెం. హాబ్స్‌బామ్, రేంజర్ సంపాదకత్వంలో 1983లో వచ్చిన "ది ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్" పుస్తకంలో హ్యూ ట్రెవర్-రోపర్ వ్యాసం ఉంది. దాని సారం అందరికీ తెలుసు. పాత హైలాండర్లు ఒంటికి చుట్టుకున్నది కుట్టని పెద్ద దుప్పటి లాంటి బట్ట, నడుముకి బెల్టు. దాని కింది సగాన్ని వేరుచేసి చిన్న కిల్ట్ చేయించింది 1720ల్లో ఇన్వర్‌గ్యారీ దగ్గర ఇనుము కొలిమి పెట్టిన థామస్ రాలిన్సన్ అనే లాంకషైర్ వ్యాపారి. 1746 చట్టం సైన్యంలో లేని హైలాండ్ మగవాళ్ళకి ఈ బట్టలు నిషేధించింది, 1782లో నిషేధం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వస్తే వాల్టర్ స్కాట్ ఆ ఊరేగింపులన్నీ నడిపించి ఊరంతటికీ టార్టాన్ తొడిగించాడు. ఏ వంశానికి ఏ గళ్ళు అన్న జాబితాలు చాలావరకూ ఆ తర్వాతి సరుకే. 1842లో వచ్చిన "వెస్టియారియం స్కాటికం" అయితే పచ్చి దొంగ గ్రంథం.

రాలిన్సన్ కథ మీద చరిత్రకారుల్లో వాదులాట ఉంది, మిగతాది చాలావరకూ నిజమే. నా తగాదా దానితో మనం చేసే పనితో. "తయారుచేసిన సంప్రదాయం" అనగానే మనకి ఏదో పెద్ద రహస్యం పట్టేసినట్టు ఉంటుంది. చర్చ అక్కడితో ముగుస్తుంది. తయారుచేసింది అంటున్నారు కదా, ఎవరు తయారుచేశారు? ఆ వ్యాసంలోనే రాలిన్సన్ ఇన్వర్నెస్‌లో ఉన్న పటాలం దర్జీని పిలిపించాడని ఉంది. దర్జీ అలా వచ్చి ఇలా వెళ్ళిపోతాడు. ఘనత రాలిన్సన్‌ది, లేదా నింద రాలిన్సన్‌ది. కత్తెర పట్టుకున్నవాడి గురించి మన మిత్రులెవరూ ఒక్క మాట ఎత్తగా నేను వినలేదు.

సంప్రదాయాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళది ఇంకో రకం. "మీ వంశం గళ్ళు ఏవి? మీకా హక్కు ఉందా?" అని అడుగుతారు. నన్నూ ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇద్దరు మనవాళ్ళే. అలాంటి చట్టమేదీ లేదు. 2008లో చేసిన చట్టంతో టార్టాన్లకి ఒక ప్రభుత్వ రిజిస్టరు వచ్చింది, కొత్త గళ్ళు రూపొందించి ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. అయినా గొడవంతా బట్ట ఎవరిదీ అన్నదాని మీదే. వీళ్ళు మాదంటారు, వాళ్ళు మీది కూడా కాదంటారు. మూడొందల ఏళ్ళుగా సాగుతున్న ఈ వ్యాజ్యంలో కుట్టినవాళ్ళని సాక్షిగా కూడా పిలవలేదు.

పిలిస్తే బోనెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మగతనానికి, యుద్ధానికి గుర్తుగా చెప్పుకునే ఈ బట్టని కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. దుకాణం ఆర్డరు తీసుకుంటుంది, బట్ట కత్తిరించకుండా మూటగట్టి పంపుతుంది, వీళ్ళు ఇళ్ళలో కూర్చుని కిల్ట్‌కి ఇంత అని తీసుకుని కుట్టి ఇస్తారు. నా కిల్ట్ కుట్టినావిడ పాతికేళ్ళు అలాగే కుట్టింది. దుకాణం పేరున్న చిన్న బట్టముక్క నడుము లోపల కుట్టేది కూడా ఆవిడే. ఆవిడ పేరు ఎక్కడా ఉండదు.

బ్రిటన్‌లో హెరిటేజ్ క్రాఫ్ట్స్ అనే సంస్థ అంతరించే ప్రమాదంలో ఉన్న చేతివృత్తుల జాబితా ప్రచురిస్తుంది. 2021లో కిల్ట్ తయారీ అందులో చేరింది. రాయల్ మైల్ వీధిలో అడుగుకో కిల్ట్ దుకాణం ఉన్న ఊళ్ళో! సరుకు నిండుగానే ఉంది, చేత్తో కుట్టేవాళ్ళే తగ్గిపోతున్నారు.

*

ఇక్కడ ఎవరైనా న్యాయంగా అడగొచ్చు. ఇంత డబ్బు పోసి చేతికుట్టు కిల్ట్ ఎందరు కొనగలరు? నీది కడుపు నిండిన బేరం కాదా? అవును, కడుపు నిండిన బేరమే. రాయల్ మైల్‌లో యాక్రిలిక్ కిల్ట్ చాలా చవకగా దొరుకుతుంది. అలాంటివి కుట్టే ఊళ్ళలో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఒకటి, బ్యాగ్‌పైపులు కూడా అక్కడ చేస్తారు. దాన్ని "నకిలీ" అని మూతి విరిచేవాళ్ళతో నాకు పొత్తు లేదు. సియాల్‌కోట్‌లో మిషను ముందు కూర్చున్నవాడూ పనివాడే. లీత్‌లో ఆవిడని అడిగిన ప్రశ్నే అతనికీ వర్తిస్తుంది. ఎన్ని గంటలు, గంటకి ఎంత? చవక కిల్ట్ కొన్నందుకు ఎవరినీ తప్పుపట్టను. చవక కిల్ట్ కొని, చేతిపని చచ్చిపోతోందని కవిత రాస్తే తప్పుపడతాను.

లీత్ లెక్క చెబుతాను. 320 పౌండ్లకి ఆవిడ కుట్టే సమయం దాదాపు 27 గంటలు. గంటకి 12 పౌండ్లకి కొంచెం తక్కువ. ఆ ఏడాది బ్రిటన్‌లో 21 దాటినవాళ్ళకి చట్టప్రకారం కనీస వేతనం గంటకి 11.44. అంటే నలభై ఏళ్ళ పనితనానికి దక్కేది కనీస వేతనం మీద చిల్లర. ఇందులో కొలతల సమయం లేదు, బట్ట తెప్పించే ఫోన్లు లేవు, నాలాంటివాళ్ళు అడిగే ప్రశ్నలు లేవు. అవి కలిపితే చిల్లర కూడా మిగలదు. నా జీతం గంటకి ఎంతో ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాయకపోయినా మీరు ఊహించగలరు.

"కానీ అనుభవం వల్ల గౌరవం పెరుగుతుంది కదా, నీకూ పెరిగింది కదా?" అని మా ఆవిడ అడిగింది. పెరిగింది. ఆ పెరిగిన గౌరవంతో నేనేం చేశానో కూడా చెప్పాలి.

పెళ్ళి అక్టోబరు 12, శనివారం. నేను కూర్చున్న రెండు రోజుల్లో పని సగమే సాగిందని చెప్పాను కదా. అంతకుముందు ఏ పద్ధతిలో కుచ్చిళ్ళు వేయాలో తేల్చుకోలేక వారం రోజులు నేనే నాన్చాను. పెళ్ళికి వారం ముందు ఫోన్ చేసి, సోమవారానికి కావాలన్నాను. చిరాకు లేకుండా, చాలా మర్యాదగానే అడిగాను. ఆవిడ సరే అంది. సోమవారం వెళ్ళేసరికి కిల్ట్ సిద్ధంగా ఉంది. నేను వేసిన తెల్లదారపు కుట్లు మాత్రం ఇంకా ఉన్నాయి. నా ఎదురుగానే ఒక్కో దారం లాగి చెత్తబుట్టలో వేసింది. కుడి చేతి మణికట్టుకి పట్టీ ఉంది. ఏమైందంటే, "నిన్న ఆదివారం కూడా కూర్చున్నాను" అంది. నేను "అయ్యో, చాలా థాంక్స్" అన్నాను. డబ్బిచ్చాను. ఫోటో తీసుకున్నాను. వచ్చేశాను.

ఆదివారానికి ఏమీ ఇవ్వలేదు. ఇవ్వాలని తట్టలేదు కూడా. అంత గౌరవం పెరిగిన మనిషికి.

*

పెళ్ళి ఫోటోలు ఇంటికి పంపాను. అమ్మ ఫోన్ చేసింది. గళ్ళు బాగున్నాయంది, లంగా లెక్క ఉందని నవ్వింది. నేను సూది పట్టిన కథంతా చెప్పాను. విన్నది. విని, "గామెకు కూలెంత పడ్డది బిడ్డా?" అంది.

చెప్పాను. ఆదివారం సంగతి కూడా నోరు జారాను.

"అయితారం నాడు గుడ పని జేపిస్తివా? దానికి పైసలు ఇచ్చినవా లేదా?"

మా అమ్మ పాతికేళ్ళు ఆసు పోసింది. ఇక్కత్ చీరకి రంగు కట్టే ముందు పేక దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయాలి. చింతకింది మల్లేశం చెప్పే లెక్క ప్రకారం ఒక చీరకి చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పనికి విడిగా కూలి ఉండేది కాదు. ఇంట్లో ఆడవాళ్ళ పని కదా, చీర మజూరీలోనే కలిసిపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం అమ్మ చేతుల ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఒకసారి సిటీ నుంచి వచ్చిన ఒకమ్మాయి "నేనూ ఒకసారి పోస్తా ఆంటీ" అని కూర్చుంది. పది నిమిషాల్లో దారం చిక్కుపడింది. ఆ అమ్మాయి నవ్వుతూ లేచింది. చిక్కు తీయడానికి అమ్మకి సాయంత్రమైంది. లీత్‌లో నేను చేసింది సరిగ్గా ఇదే. అప్పుడు ఆ అమ్మాయి మీద నాకు కోపం రావడం గుర్తుంది.

ఆసు పోసేవాళ్ళకి నిజంగా సాయం చేసిన మనిషి ఒకరున్నారు. మల్లేశం కూడా తన తల్లి భుజం నొప్పి చూసినవాడే. ఆవిడ పక్కన కూర్చుని ఆ నొప్పిని "అనుభవించి" ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి అప్పులు చేసి, అందరితో మాటలు పడి, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. తల్లి పేరు పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి యంత్రం చేశాడు. ఇంజనీరింగ్ పట్టా ఉన్న నేను అమ్మ చేతుల మీద పేరా రాశాను. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మ భుజం అరిగిపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి తల పైకి లేవదు.

అందరూ యంత్రాలు చేయాలని నా వాదన కాదు. లీత్‌లో ఆవిడకి యంత్రం అక్కర్లేదు. కుట్టడం ఆవిడకి ఇష్టమే. పని చేసే మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడగాలి. అడిగితే వచ్చే జవాబులు చాలా చప్పగా ఉంటాయి, వ్యాసానికి పనికిరావు. తర్వాతొకసారి నేనడిగాను. కొలతలు తీసేటప్పుడు పొట్ట బిగపట్టకండి అంది. గళ్ళు ఏవి, కుచ్చిళ్ళు ఎలా అన్నది ముందే తేల్చుకుని రండి. మధ్యలో మార్చకండి. పెళ్ళి ఎప్పుడో మొదటిరోజే చెప్పండి. బట్ట డబ్బు ముందు ఇవ్వండి, కూలి ఆరోజే ఇవ్వండి. కుట్టినవాళ్ళెవరని ఎవరైనా అడిగితే పేరు చెప్పండి. ఇంతే. ఇందులో సూది పట్టుకోవాల్సిన పని ఒక్కటీ లేదు.

సాహిత్య విమర్శ మీద కూడా ఒక మాట అనే వెళ్తాను, మనం కలుసుకున్నది ఇక్కడ కాబట్టి. చేతివృత్తుల మీద తెలుగులో కథలూ కవితలూ పుష్కలంగా వస్తున్నాయి. ఏటా ఆగస్టు 7, చేనేత దినోత్సవం నాటికి ఇంకొన్ని. 2020లో సరిగ్గా ఆ రోజుకి కొద్దిరోజుల ముందే కేంద్రం అఖిల భారత చేనేత బోర్డుని రద్దు చేసింది. మన కవితలు మాత్రం ఆగలేదు. వాటిని సమీక్షించేటప్పుడు "ఆర్ద్రంగా ఉంది" అని రాసి ఊరుకుంటున్నాం. నేనూ రాశాను, ఒకసారి కాదు. ఇకనుంచి నేను చూసేది వేరే. ఈ రచనలో పని ఎలా జరుగుతుందో రచయితకి తెలుసా? ఒక చీరకి ఎన్ని రోజులో, చేతికి ఎంత వస్తుందో, మిగతాది ఎవరికి పోతుందో ఎక్కడైనా కనబడుతోందా? కథలో అంకెలు పెట్టమని అనడం లేదు. రాసినవాడికి ఆ అంకెలు తెలిసి రాశాడా లేదా అన్నది వాక్యంలో తెలిసిపోతుంది. గీత ఒక పోగు తప్పితే వెలుతురులో తెలిసిపోయినట్టే.

అమ్మ ఫోన్ చేసిన తర్వాతి శనివారం లీత్ వెళ్ళాను. ఏదైనా బహుమతి తీసుకెళ్దామని ముందు అనుకున్నాను, పోచంపల్లి శాలువా లాంటిది. మళ్ళీ అదీ నా సంతోషం కోసమే అనిపించి మానేశాను. ఆదివారం ఎన్ని గంటలు కూర్చున్నారని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. గోడ మీద కాలెండరు చూసి, "ఏడు" అంది. ఆదివారం కాబట్టి రెట్టింపు లెక్కగట్టి ఇచ్చాను. వద్దనలేదు. లెక్కపెట్టుకుని, పాత రసీదు తెమ్మని, దాని కిందే ఇంకో వరస రాసి సంతకం పెట్టింది.

ఆ రసీదు నా దగ్గరుంది. నాలుగు వరసలున్నాయి. బట్ట. కుట్టుకూలి. కస్టమరు పక్కన కూర్చున్నందుకు రెండు రోజులు. ఆదివారం.